రిపోర్టు రాకముందే

"మళ్లీ వచ్చారా? ఈ నెలలో ఇది మూడోసారి. మీ ఒంట్లో రక్తమంతా మా ల్యాబ్‌కే రాసిచ్చేశారా ఏంటండీ?"

శాలిని అలా అనేసరికి బెంచీ మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. జీవరత్నం మాత్రం నవ్వలేదు. భార్య పోయి ఆరేళ్లయి, లోకంలో అందరూ దొంగలేనని తేల్చేసుకున్న మనిషికి నవ్వంత తేలిగ్గా రాదు. గవర్నర్‌పేటలో మోటార్లకు వైండింగ్ కట్టే షాపు అతనిది. చదువు ఏడో తరగతితో సరి. రెండు షాపుల అవతల ఉన్న ల్యాబ్‌లో శాలిని రక్తం తీస్తుంది. సూది గుచ్చే ఆ అర నిమిషం అతని చెయ్యి పట్టుకుంటుంది. షుగర్ టెస్టు అయింది, థైరాయిడ్ కూడా అయింది.

"ఇంకేం ఉన్నాయండీ మీ దగ్గర?"

"టిఫిన్ అడిగినట్టు అడుగుతారేం? వయసెంత?"

"నలభై ఆరు."

"అయితే ఒకటుంది. కొత్తగా వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ జాడలు రక్తంలోనే తెలిసిపోతాయట. నలభై ఐదు దాటినోళ్లకి. మీకేం ఉండదులెండి."

"అదే చెయ్యండి."

"ఆ రెండో చెయ్యి ఇవ్వండి. ఇది జల్లెడైపోయింది."

పన్నెండో రోజు ఫోనొచ్చింది. ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"జీవరత్నం గారూ... పాజిటివ్ వచ్చిందండీ."

ఇరవై ఏళ్లుగా కరెంటుతో కాపురం చేస్తున్నవాడికి షాకులు కొత్త కాదు. కానీ ఈసారి షాకు ఫోన్‌లోంచి వచ్చింది. రాగి తీగ చుట్ట మీదే కూలబడ్డాడు.

"అంటే... క్యాన్సరేనా?"

"అలా అనుకోకండి. రక్తం అనుమానం చెప్తుందంతే. కెమెరా గొట్టంతో పేగు చూస్తేగానీ తేలదు."

"గొట్టం ఎటునుంచండీ?"

ఆమె చెప్పింది. అతను టక్కున ఫోన్ పెట్టేశాడు.

తర్వాత వారం రోజులు అతను ఆ వైపు కన్నెత్తి చూడలేదు. ఎనిమిదో రోజు ఆమే షాపు మెట్లెక్కింది.

"ఫోనెత్తరేం?"

"ఎత్తి ఏం చెప్పమంటారు? మిమ్మల్ని చూడ్డానికొచ్చి రోగం తగిలించుకున్నానని చెప్పనా?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"అది నాకెప్పుడో తెలుసు. నిక్షేపంలా ఉన్న మగాడు ఊరికే థైరాయిడ్ టెస్టు చేయించుకుంటాడా?"

జీవరత్నం తల దించుకుని మోటారుకి తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"తెలిసి కూడా ఆ టెస్టు చెప్పింది నేనే. ఆ రిపోర్టు చూసినప్పట్నుంచీ అన్నం సహించట్లేదు. శుక్రవారానికి పటమటలో డాక్టరు గారి దగ్గర టైం తీసుకున్నా. తోడు మనిషి ఉండాలట. మీకెవరున్నారు?"

"నాకెవరూ అక్కర్లేదు."

"అక్కర్లేదా అని కాదు నేనడిగింది."

అతను శుక్రవారం షాపుకి సెలవని అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికి, మంచం పక్కన స్టూలు మీద శాలిని ఉంది.

"గడ్డ ఒకటి కనిపించిందండీ. అక్కడికక్కడే తీసేశారు. దాన్ని పరీక్షకి పంపారు. వారం పడుతుందట."

అతను మోచేతి మీద లేవబోయాడు. "మిమ్మల్నొకటి అడగాలనుకున్నా. రిపోర్టు రానీండి. బాగుంటే అడుగుతా."

"బాగోకపోతే?"

"అడగను."

శాలిని లేచింది. వెళ్లిపోతోందనుకున్నాడు. కానీ ఆమె మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"అయితే ఇప్పుడే వినండి. నాకిష్టమే. మా ఆయనతో విడిపోయి ఏడేళ్లయింది, నేనెవర్నీ అడగక్కర్లేదు. రిపోర్టు మంచిదొచ్చాక ఒప్పుకుంటే బేరం చూసుకుని ఒప్పుకుందంటారు. చెడ్డదొస్తే జాలిపడిందంటారు. మీ నోటి సంగతి నాకు తెలీదా? అందుకే ఇవాళే చెప్తున్నా."

జీవరత్నం కళ్లు నులుముకుని ఆమె వంక చూశాడు.

"మత్తు ఇంకా దిగలేదనుకుంటానండీ."

పక్క మంచం మీది ముసలామె ఇటు తిరిగింది.

"మత్తు కాదు నాయనా. నేనూ విన్నాను."