బొటనవేలు మూసిన చప్పుడు

ఆ వంపు దగ్గర ఏం చూశారో ముందు చెప్పండి. నీళ్లు నమలకండి. మీ ముఖం పాలిపోయి ఉంది.

ఆ చోటుకు చెడ్డపేరుంది, నిజమే. నదికి పైన, వెదురుపొద పక్కన దారి కొడవలిలా తిరిగేచోటు. ఆనకట్ట వద్దని మేం కొట్లాడిన రోజుల్లో మావాళ్లు అయిదుగురు సైనికుల తూటాలకు కూలింది అక్కడే. చీకటి పడితే వెదుళ్లు మోగుతాయంటారు. దెయ్యాలట! నా పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్లు దెయ్యాలా?

సరే... మా ఊరి ఫెలిసా నాకు చెప్పింది చెబుతాను. ఒక్క ముక్క కలపను.

పోయిన వానల్లో ఆమె కూతురు కర్మీనాకు మూడు రోజులు విడవని జ్వరం. వంతెన కొట్టుకుపోయింది, ఆసుపత్రికి దారి లేదు. పూజలు చేసే ముసలమ్మ నాడి చూసి, "పిల్ల ప్రాణం ఎక్కడో తిరుగుతోంది. తొంగతోంగ్ దంచి పిలవాలి, ఈ రాత్రే," అంది. అంటే ఆరు వెదురు గొట్టాలు, ఆరుగురు కలిసి నేలమీద దంచాలి. ఒక్కటి తగ్గినా పిలుపు కుంటిదే. ఫెలిసా ఇంట్లో ఒకటి పగిలి ఉంది.

కింది ఊళ్లో అన్న దగ్గరికి పరిగెత్తింది.

"పోయినసారి ఇచ్చింది కోళ్లగూటికి గుంజ చేశావు కదే!" అంటూనే అతను గొట్టం ఆమె వీపుకు కట్టాడు. "వాన పడుతోంది. రాత్రికి ఉండిపో."

"అంతవరకూ నా పిల్ల ఉంటుందా అన్నా?"

తిరుగుదారిలో ఆ వంపు వచ్చింది. చేతిలో బలింగ్‌బింగ్ — కొస చీల్చిన వెదురు, అరచేతికేసి కొడితే జుమ్మంటుంది. మనిషి వస్తోంది, తప్పుకోండి అని కనబడనివాళ్లకు చెప్పడానికి మా ఆడవాళ్లు దారిపొడవునా కొడతారు. కొట్టింది... జుం...

జవాబొచ్చింది.

ప్రతిధ్వని కాదు. ప్రతిధ్వని మన దెబ్బనే మనకు తిరిగిస్తుంది. ఇది ఆమె దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీలో పడింది — పక్కన నిలబడి జత కలిపేవాళ్లలా. పైగా బొంగురుగా... పిడి మీది బెజ్జాన్ని బొటనవేలితో మూస్తేనే వచ్చే గొంతు. ఆమె వేలు తీసే ఉంది.

ఒకటి... రెండు... అయిదు. చుట్టూరా. చెవి పక్కనే.

"తప్పుకోండి," గొణిగింది. "నా పిల్ల..."

కాళ్లు కదల్లేదు.

అప్పుడే — పదడుగుల ముందు కొండ జారింది. దారి, బండలు, చెట్లు, అన్నీ నదిలోకి.

వెనక్కి దిగి, పొలం గట్ల మీదుగా చుట్టు తిరిగి ఇల్లు చేరేసరికి తెల్లారింది. అయిదు గొట్టాలే దంచుతున్నారు. కర్మీనా ఒళ్లు చల్లగా ఉంది. జ్వరం లేదు... ఊపిరీ లేదు.

ఇవాళ పొద్దున ఫెలిసా వచ్చి నా గడపలో కూలబడింది. "ఆ పొద ఎండింది తాతా. రేపు కిరసనాయిలు పోసి తగలబెడతాను. కాళ్లు పట్టేసి, కొండను అడ్డం పడేసి, నన్ను పిల్ల దగ్గరికి పోనివ్వలేదు పాడు దెయ్యాలు!"

ఆ చప్పుడు నాకు తెలుసు. ఆ రోజుల్లో కాపలావాళ్లం వెదురుతోనే కబురంపుకునేవాళ్లం. బెజ్జం తెరిస్తే — రండి. మూస్తే — ఆగండి, ముందు చావుంది. ఫెలిసా అప్పటికి పుట్టనేలేదు. ఆ గుర్తు తెలిసి బతికున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

"వాళ్లు నిన్ను కాపాడారే" అంటే, పిల్లను వదిలి తాను బతికినందుకు ఆ తల్లి జీవితాంతం కుములుతుంది. అనకపోతే నావాళ్లు రేపు రెండోసారి చస్తారు.

మీరైతే ఆమెకు ఏమని చెబుతారు?