అంకమ్మ గది కిటికీ

చిలకలూరిపేట దాటాక, ఓ పత్తి మిల్లు వెనక సందులో ఉన్న ఆ పెంకుటింటికి మంచి పేరు లేదు. మునిమాపు వేళ అటుగా పోతే, పక్కగది కిటికీని లోపలి నుంచి ఎవరో కొడుతున్నట్టు వినపడుతుందట... టక్, టక్ మని. షిఫ్టు దిగిన ఆడవాళ్ళు చుట్టు తిరిగైనా పోతారు గానీ ఆ సందులో అడుగుపెట్టరు.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఆ గదిలోనే అంకమ్మ పోయింది. ఒంటరి మనిషి. జబ్బు ఇంకొకరికి అంటకూడదని తనంతట తనే తలుపులేసుకుందని, నాలుగోరోజుకి గానీ సంగతి బయటపడలేదని ఊళ్ళో చెప్పుకుంటారు.

మొన్న వానలు తగ్గాక, ఆమె అక్క కూతురు దేవకుమారి — గుంటూరులో టీచరు — ఇల్లు అద్దెకిద్దామని వడ్రంగి ఆదాంని పిలిపించింది. కిటికీ చప్పుడు మాట ఎత్తితే ఆదాం నవ్వేశాడు. పాతిళ్ళన్నీ అంతేనన్నాడు. అద్దాన్ని పట్టి ఉంచే లప్పం ఎండి రాలిపోతే అది వదులై గాలికి కొట్టుకుంటుంది, దానికి దెయ్యమెందుకని.

పొద్దుటి నుంచి వరసగా పని చేసుకుంటూ వచ్చాడు. వానకి ఉబ్బి బిగుసుకున్న రెక్కల్ని చిత్రిక పట్టాడు. తుప్పుపట్టిన బందులు మార్చాడు. అద్దాలకి కొత్త లప్పం పెట్టాడు. పక్కగది కిటికీ ఒక్కటీ మిగిలేసరికి మసక చీకటి కమ్ముకుంది.

ఆ చీకట్లో అది లోపలి నుంచి ఎంత తోసినా కదల్లేదు. గడియ తీసే ఉంది. ఇదీ ఉబ్బిందనుకుని బయటికొచ్చి ఫోను లైటు వేశాడు.

ఉబ్బలేదు... రెక్కల్ని చట్రానికి కలిపి మేకులు దిగేసి ఉన్నాయి. నాలుగు. బయటి నుంచి.

తనంతట తను తలుపులేసుకున్న మనిషి కిటికీకి బయట మేకులెందుకు?

మొదటిది పీకాడు. రెండోది. మూడోది పీకుతుండగా లోపల... టక్.

ఆగాడు. అదీ ఆగింది.

మళ్ళీ పట్టు బిగించాడు. టక్, టక్. గాలి లేదు. అద్దమూ కాదు — ఆ కిటికీవి వట్టి చెక్క రెక్కలు.

పారిపోదామనుకున్నాడు. పోలేకపోయాడు. నాలుగో మేకు ఊడగానే రెక్క దానంతటదే తెరుచుకుంది. ఊచల వెనక ఎవరూ లేరు. రెక్క లోపలివైపు మాత్రం గోళ్ళతో గీరిన చారలు... లోపలి చెక్క బయటపడేంత లోతుగా.

అప్పుడు చెవి పక్కనే, తడారిపోయిన గొంతు —

"నాయనా... కాసిని మంచినీళ్ళు."

తన నీళ్ళసీసా కిటికీ గట్టు మీద పెట్టి, సామాను అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చి పడ్డాడు ఆదాం.

అరుగు మీద తండ్రి ప్రభు కూర్చుని ఉన్నాడు. ఆయనా వడ్రంగే. ఆ కరోనా వేసవి నుంచే సుత్తి పట్టడం మానేశాడు. ఆదాం మేకుల సంగతి ఒక్కటే చెప్పాడు.

ప్రభు తలెత్తకుండానే మెల్లిగా అడిగాడు.

"మంచినీళ్ళు అడిగిందా?"

నీళ్ళ మాట ఆదాం ఎత్తనే లేదు.

"ఆ రోజు నన్నూ అడిగింది రా. ఊరి పెద్దలు తలుపుకి తాళం వేసి, కిటికీ నన్ను మూసెయ్యమన్నారు." ప్రభు అరచేత్తో మూతి తుడుచుకున్నాడు. "నోట్లో మేకులు పెట్టుకుని ఉన్నాను... జవాబు చెప్పలేదు."