ప్రంబానన్‌కి రమ్మన్న పిల్ల

మా అమ్మా, వెనింగ్ వాళ్లమ్మా కలిసి మా పెళ్లి మాట కదిపారు. వెనింగ్ కాదనలేదు. "ముందు ఈ ఆదివారం మేమిద్దరం ప్రంబానన్ గుళ్లు చూసొస్తాం" అంది, అంతే.

మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒరే సేనో, ఆ పిల్లకి ఇంకెక్కడా చోటు దొరకలేదట్రా?"

మా జావాలో పసిపిల్లలకి కూడా తెలుసు. పెళ్లి తప్పించుకోవడానికి ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్లు కట్టమని అడిగి, చివరికి శాపం తగిలి రాయైపోయిన రాకుమారి ఉన్న చోటది. పెళ్లికాని జంట వెళితే విడిపోవడం ఖాయమంటారు. అంటే వెనింగ్ నాకు మర్యాదగా టాటా చెబుతోందన్నమాట.

అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. ఆమె పనిచేసే బేకరీలో ఏడాదిగా రోజూ రొట్టె కొంటున్నాను. నాకసలు రొట్టంటేనే పడదు.

దారిలో వాన పట్టుకుంది. బండి ఆపి, వేడివేడి అల్లం నీళ్లమ్మే కొట్టు చూరు కింద దూరాం.

"పశువుల డాక్టరు కదా మీరు, చొక్కాకి ఆవు వాసన రావట్లేదే?" అంది.

"ఇవాళ ఆవులకి సెలవిచ్చాను."

అల్లం నీళ్లు తాగుతూ నవ్వబోతే ఆమెకి పొలమారింది. తేరుకుని, "ప్రంబానన్ ఎందుకన్నానో తెలుసా?" అని అడిగింది.

"తెలుసు. అమ్మలిద్దరూ పోట్లాడుకోకుండా, నేరం రాకుమారి మీదికి నెట్టడానికి."

ఆమె ముఖం ఎర్రబడింది. "తెలిసీ ఎందుకొచ్చారు?"

"ఒక్క పూటైనా మీ పక్కన నడవొచ్చని. మీరంటే నాకు ఇష్టం!"

వాన హోరుకి అరిచి చెప్పాల్సొచ్చింది. కొట్టావిడ గ్లాసులు కడుగుతూ, "ఆ అమ్మాయికి వినపడింది గానీ, ఇక మెల్లిగా చెప్పు బాబూ" అంది.

వాన వెలిశాక గుళ్లకి చేరాం. ఒకప్పుడు మతరం రాజ్యాన్నేలిన రాజులు కట్టించిన చిన్న గుళ్లన్నీ కూలి, రాళ్లు కుప్పలుగా పడున్నాయి. వాటి మధ్య నడుస్తుంటే వెనింగ్ అడుగులు నెమ్మదించాయి.

లోపలి ప్రాకారం మెట్ల దగ్గర ఆమె ఆగిపోయింది.

"రండి" అన్నాను ధైర్యం నటిస్తూ. "రాకుమారికి కనబడి, వచ్చిన పని పూర్తి చేసుకుందాం."

"నేను రాను."

"ఎందుకు?"

"కాళ్లు నొప్పి."

"రోజంతా నిలబడి రొట్టెలు చేస్తారు కదా..."

"రానన్నానా!" కళ్లెర్రజేసింది. "విడిపోవాలని మీకంత సరదాగా ఉంటే మీరొక్కరే వెళ్లండి!"

"అందుకే కదా వచ్చాం?" అన్నాను.

"మీకన్నా మీ ఆవులు నయం. ఈపాటికి వాటికి అర్థమయ్యేది."

"మరి ఆవరణలోకి వచ్చేశాం కదా, శాపం?"

"ఈ మెట్టు దాటితేనే. ఇప్పుడే నిర్ణయించాను" అని నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

గేటు వైపు నడుస్తూ వాళ్లమ్మకి ఫోన్ చేసింది. "అమ్మా, గుడి మూసేశారు. చూడకుండానే వచ్చేస్తున్నాం."

మా పక్కనుంచే స్కూలు పిల్లలు గోలగోలగా లోపలికి పోతున్నారు. ఆ గోల ఫోన్లో ఆవిడకీ వినిపించే ఉంటుంది. అవతల ఆవిడ, కబురు కోసం వాళ్లింట్లోనే కాచుకున్న మా అమ్మని కేకేసింది: "వదినా! లోపలికి వెళ్లలేదట!"