ఈస్టుకు నోరు తీపి

అనకాపల్లిలోని నాలుగో పేట ట్యాంకు ఆ ఉదయం ఒక్క చుక్క ఇన్సులిన్ కార్చలేదు. నిన్నటిదాకా ఇదే వేళకు అరవై సీసాలు నింపిన యంత్రం ఇవాళ తెర మీద ఒకే మాట చూపిస్తోంది: "గ్లూకోజ్ ఉంది. మందు ఆపాను."

ట్యాంకును కనిపెట్టుకుని ఉండే నూకరత్నం వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసింది. ఆ అరవైలో ఒక సీసా ఆమె మొగుడు గౌరినాయుడిది. పేటకో ట్యాంకు వచ్చాక షాపుల్లో ఇన్సులిన్ అమ్మడం మానేశారు. ఏ రోజు మందు ఆ రోజే, పక్క పేటది వాళ్లకే చాలదు. బయట బెంచీ మీద పడుకున్న నాయుడికి షుగరు నాలుగు వందలు దాటింది. నాలుక పిడచకట్టుకుపోతోంది.

ట్యాంకును తయారుచేసిన సైంటిస్టు డాక్టర్ మృణాళిని వచ్చి తెర చదివింది.

"ఏం పోశారు?"

నూకరత్నం ఇరవై ఏళ్లు హాస్టల్లో వంట చేసిన మనిషి. ఎవరైనా చప్పిడి తింటుంటే ఆమె చెయ్యి ఊరుకోదు.

"బెల్లం నీల్లమ్మా. మరిగించి, వడగట్టే పోసినాను. నిన్నటితో దీనికి ఏడాది నిండినాది. పుట్టినరోజు కదా, నోరు తీపి సేద్దారనీ..."

డాక్టర్ కోప్పడలేదు. కోప్పడినా ఈస్టు వినదు.

"ఇందులో ఉన్నవి ఈస్టు కణాలు. వాటికి పాలలో ఉండే గెలాక్టోజ్ అనే చక్కెరే పెడతాం. అది తినాలంటే కణం కొన్ని జీన్లు తెరిచి నకళ్లు తీసుకోవాలి. ఇన్సులిన్ జీన్‌ను కూడా అదే తాళానికి తగిలించాం. బెల్లం నుంచి గ్లూకోజ్ వస్తుంది, అది తేలికైన తిండి. అది దొరికితే కణం ఆ తాళం వేసేస్తుంది."

"మరింక తియ్యదేటమ్మా?"

"గ్లూకోజ్ అయిపోతే తీస్తుంది. ఏడాదిగా గెలాక్టోజ్ మీద బతికినవి కదా, అలవాటు తొందరగానే గుర్తొస్తుంది. మధ్యాహ్నం దాటొచ్చు."

అప్పటిదాకా మొగుడు తట్టుకుంటాడా అన్నదే నూకరత్నం భయం. తొమ్మిదేళ్లుగా ఆయన కంటపడకుండా బెల్లం డబ్బా దాచింది తనే. ఆయనకు పెట్టుకోలేని తీపి తీసుకెళ్లి దీనికి పోసింది. ఆ సంగతి తలుచుకుంటే ఏడుపొచ్చింది.

నాయుడికి డాక్టర్ సెలైన్ ఎక్కించి పక్కనే కూర్చుంది. తెర మీద గ్లూకోజ్ గీత మెల్లగా దిగి, ఒంటిగంటకు సున్నాకు చేరింది. కాసేపటికి ఇన్సులిన్ జీన్ మొదటి నకలు కనిపించింది. నాలుగింటికి మొదటి సీసా నిండింది. దాన్ని తిన్నగా నాయుడికే ఇచ్చారు.

చీకటి పడకముందే ఆయన లేచి కూర్చున్నాడు. డాక్టర్ ట్యాంకు మూతకు కొత్త తాళం బిగిస్తోంది. నూకరత్నం తలెత్తడం లేదు.

"డాట్రమ్మా, ఆ బెల్లం మొత్తం తినేసినాదా?" పొద్దున బెంచీ మీంచి అంతా విన్న నాయుడు అడిగాడు.

"చుక్క మిగల్చలేదండీ."

నాయుడు భార్య వైపు చూసి, తృప్తిగా తలూపాడు.

"పోన్లెండమ్మా. ఇన్నాల్టికి దీని సేతి తీపి ఒకలైనా తిన్నారు."