పాలవాళ్ల ఇంట్లో గోలీల డబ్బా

ఛత్రినాకలో మైసయ్య ఇంటి ముందు తెల్లవారకముందే జనం గిన్నెలు పట్టుకుని నిలబడతారు. ఆ రోజూ నిలబడ్డారు. అతని భార్య బాలమ్మ పాలు కొలిచి పోస్తోంది. కూతురు తనూజ బర్రెల పాలు పిండడం ముగించి క్యాన్లు కడుగుతోంది. కాలేజీలో ఆమె నాలుగు వందల మీటర్లు పరిగెత్తుతుంది. ఆదివారం యూనివర్సిటీ జట్టుకు ఎంపిక ఉంది.

మైసయ్య ఏదో వెతుక్కుంటూ గూట్లో చెయ్యి పెట్టి, తెల్ల డబ్బా ఒకటి పట్టుకుని బయటికి వచ్చాడు.

“ఏందే ఇది?”

“మెగ్నీషియం గోలీలు బాపూ. డాక్టర్ ఇచ్చిండు. పండుకుంటే పిక్కలు పట్టేస్తున్నయ్, నిద్ర పడ్తలేదని.”

“నిద్ర గోలీలా?”

“కాదు. ఒంట్లె తక్కువున్నదని...”

“పాలోళ్ల ఇంట్ల పుట్టినవ్. నీకేం తక్కువైందే?”

పాల కోసం వచ్చిన హోటలాయన నవ్వాడు. “క్యా మైసయ్యభాయ్, తుమ్హారే దూధ్ మే దమ్ నై క్యా?”

వెనక ఉన్నవాళ్లూ నవ్వారు. నీళ్లు కలపని పాలని పేరు తెచ్చుకున్న మనిషి మైసయ్య. తన పాలలో బలం లేదా అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. డబ్బా మూత తీసి గోలీలన్నీ కుడితి తొట్టిలో గుమ్మరించాడు.

“బర్రెలకైన పనికొస్తయి.”

తనూజ చేతిలోని పీచు నేలకేసి కొట్టింది. “బర్రెల దాణాల బలం పొడి కలుపుతవ్ గదా బాపూ. అప్పుడు నీ గడ్డికి దమ్ లేదని ఎవరన్న నవ్విండ్రా?”

“నోరు లేస్తుందా? ఆదివారం గడప ఎట్ల దాటుతవో నేను సూస్త.”

“దాటుత. గోలీ కొంత సాయమే, అసలు పని నిద్రదే అన్నడు కోచ్ సార్. నేనెప్పుడు పండుకోవాలె చెప్పు. చీకట్ల లేపుతరు. కాలేజీ, ప్రాక్టీసు, వచ్చినంక మళ్ల పాలు. నిద్ర మీరే పోనియ్యరు, గోలీ మీద పడి ఏడుస్తరు.”

లోపల మంచం మీద నుంచి కొడుకు మహేష్ విసుక్కున్నాడు. “ఏందీ లొల్లి? పండుకోనియ్యరా?”

మైసయ్య వెంటనే గొంతు తగ్గించాడు. “మెల్లగ మాట్లాడు. అన్న పండుకున్నడు.”

బాలమ్మ చేతిలో కొలత గ్లాసు ఆగిపోయింది. కొడుకు దోస్తులతో తిరిగి ఎంత ఆలస్యంగా వచ్చినా, పిల్లగాడు అలసిపోయాడని వాడికి దుప్పటి కప్పేది. అదే చేత్తో కూతురి భుజం కుదిపి లేపేది. బిడ్డ ఒక్క పిలుపుకే లేస్తుందని మురిసిపోయేది కూడా. ఆ పిల్ల అసలు నిద్రే పోవడం లేదని, అందుకే ఒక్క పిలుపుకే లేస్తోందని ఇప్పుడు తట్టింది.

గ్లాసు మైసయ్య చేతిలో పెట్టి, లోపలికి వెళ్లి కొడుకు దుప్పటి లాగేసింది. “లేరా. క్యాన్లు కడుగు.”

“నేనా? అది ఆడోళ్ల పని.”

“పాలు ఆడోళ్లే తాగుతున్నరా?”

మైసయ్య గుమ్మం దగ్గర నుంచి ఉరిమాడు. “వాణ్ని ఎందుకు లేపినవే? దిమాగ్ ఖరాబైందా?”

“ఇన్నొద్దులు ఖరాబై ఉండె. రేపటి సంది పాలు వీడే పిండుతడు. నువ్వు పో బిడ్డా, పండుకో.”

తనూజ ఎవరి వంకా చూడకుండా వెళ్లి పడుకుంది. కాసేపటికే పిక్క పట్టేసి మూలిగింది. బాలమ్మ పక్కన కూర్చుని నొక్కింది. కండ రాయిలా ఉంది. ఇంత గట్టిపడిన కాళ్లతో ఈ పిల్ల రోజూ ఎలా పరిగెత్తుతోందో అనుకునేసరికి కళ్లు మసకబారాయి. నొక్కగా నొక్కగా కండ వదిలింది, తనూజ నిద్రలోకి జారింది.

బయట మహేష్ గొణుగుతూ క్యాన్లు తోముతున్నాడు. జనం వెళ్లిపోయాక మైసయ్య ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చాడు. ముఖం ఇంకా గంటు పెట్టుకునే ఉన్నాడు.

“ఇవి ఏ దుకాణంల దొరుకుతయో అడుగు దాన్ని.”

బాలమ్మ అలవాటు కొద్దీ కూతురి భుజం మీదికి చెయ్యి చాపింది.

“లేపకు,” అన్నాడు మైసయ్య. “ఆదివారం ఉరికేదున్నది గదా. లేచినంక నేనే అడుగుత.”