మూడు దోసిళ్ళ అధిక తూకం

పొద్దున ఎనిమిదింటికి మిర్చి యార్డు గేటు దాటేసరికి పోలిశెట్టి గురునాథం చేతిలో ఉన్నవి ఇవి: కాదుచీట్లు నాలుగు, చెల్లుబాటులో ఉన్న ఒప్పువేలు ఒకటి, సరుకు పంపాల్సిన రైతులు పదకొండుమంది, రెండు గంటలకు సరిపడా ఓపిక. పదకొండింటికి చూసుకుంటే ఓపిక ఎప్పుడో ఖర్చయిపోయింది. మిగతావి అలాగే ఉన్నాయి.

అప్పుడే అతని ముందు బస్తాలు మోసుకొచ్చే ఏడో పట్టీ ఆగింది.

"శెట్టిగారూ, చిలకా మరియమ్మగారి సరుకు. ఇరవై రెండు టిక్కీలు. ఒకటో టిక్కీలో అధిక తూకం మూడువందల పది గ్రాములు. కారణం ఎంచండి," అంది యార్డును నడిపే లెక్కదారు యంత్రం, అతని చెవిబిళ్ళలో. దాని గొంతులో ఎప్పుడూ ఒకే మర్యాద. ఆ మర్యాద వింటేనే గురునాథానికి పళ్ళు పులిసేవి.

నారు పోసిన నాటినుంచి పైరుచూపులు చేల మీద ఎగురుతూ చెట్టుకెన్ని కాయలో, కాయకెంత బరువో లెక్కపెడుతూనే ఉంటాయి. రైతు ఇంట్లో ఉన్న కుట్టుతూకం యంత్రం టిక్కీకి, అంటే బస్తాకు, సరిగ్గా నలభై కిలోలు పోసుకుని గంట కొడుతుంది. ఆరు సెకన్ల తర్వాత మూతి కుట్టేస్తుంది. అంచేత సరుకు యార్డుకు రాకముందే దాని ముందుతూకం, దాని ధర, అది ఏ ఓడ ఎక్కాలో కూడా ఖాయమైపోయి ఉంటాయి. యార్డు కాటా మీద వేసి చూడటం పెళ్ళయ్యాక జాతకాలు చూడటంలాంటిది. వేలంపాటలు, కేకలు, కాయ విరిచి గింజ రాల్చి బేరమాడటం, అన్నీ పోయి పద్దెనిమిదేళ్ళయింది. ప్రతి టిక్కీకీ ఒక మనిషి ఒప్పుకుంటూ వేలిముద్ర వేయాలని చట్టంలో ఒక ముక్క మిగిలిపోయింది. ఆ ముక్క మీద గురునాథం బతుకుతున్నాడు.

ఫలకం మీద 'కాటా పొరపాటు' అన్న గడి కోసం వేలు చాచాడు. గడి వెలిసిపోయి ఉంది.

"ఈ కాటాను ఇవాళ ఉదయం ఆరింటికి మార్చాం. పొరపాటుకు అవకాశం లేదు," అంది లెక్కదారు.

"మొన్న శివరాత్రికేగా మార్చారు!"

"ఈ సీజనులో ఇది నాలుగో కాటా. మీరు నమోదు చేసిన పొరపాట్ల వల్లే మార్చాం."

అది నిజమే. రైతు గంటకూ కుట్టుకూ మధ్య ఆ ఆరు సెకన్లలో ఏం చేస్తాడో యార్డులో ప్రతి వర్తకుడికీ తెలుసు. ఎవడూ చెప్పడు. కాటా పొరపాటు అని నొక్కేస్తే పట్టీ కదులుతుంది. జనవరి తొమ్మిదిన, సీజను మొదటిరోజే, గురునాథం ఆ గడి నొక్కి, దాని కింద 'ఇకపై ఇదే' అన్నది కూడా నొక్కేశాడు. మూడు నెలలు హాయిగా గడిచాయి. పాపం, పనిచేసే కాటాలు మూడు పాతసామాన్లలోకి పోయాయి.

"మిగిలిన కారణాలు రెండు," అంది లెక్కదారు. "తేమ. మరుగుసేద్యం."

పట్టీ పక్కనున్న ఇనుప పట్టుచెయ్యి ఒకటి వంగి చివరి టిక్కీ మూతి విప్పి, నాలుగు కాయలు తీసి పరీక్షించింది. తేమ పదిశాతం. గలగలలాడే సరుకు.

"అయితే మరుగుసేద్యం," అంది లెక్కదారు. "పైరుచూపుకు కనబడని నేలలో పండించిన కాయ. పన్నెండింటికి నిర్ణయం ఖాయమవుతుంది. వచ్చే ఏడాది కాలువనుంచి ఆమెకొచ్చే నీటిపాలు సగానికి తగ్గుతుంది. మీ వేలు వేయండి."

గురునాథం మెట్లు దిగి బల్లల దగ్గరికి పోయాడు. మరియమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఫ్యాను కింద కూర్చుని ఉంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. రెండెకరాలు కౌలుకు చేస్తుంది, ఇరవై ఏళ్ళుగా సరుకు అతని పట్టీకే తోలుతోంది.

"అక్కా, నీకు చెవుల్లేవా? గంట మోగితే చేతులు కట్టుకుని నిలబడమని పోయినేడు చెప్పానా లేదా?"

"మోగినాకే గదయ్యా ఏసింది. ముందేస్తే అది తూకంలోకి పోద్ది."

"ఏస్తే ఏశావు, మూడొందల గ్రాములా? టిక్కీకి?"

"మూడు దోసిళ్ళు. ఆరు సెకన్లలో అంతకంటే పట్టదు శెట్టిగారా. మా ఆయనైతే నాలుగేసేవోడు."

"అసలెందుకు ఎయ్యాలి?"

మరియమ్మ అతన్ని వింతగా చూసింది. "కొసరు లేకుండా ఎట్టా పంపేది? ముల్లు కాడ ఆపి మూతి కుట్టిచ్చే పినాసిదాన్నా నేను? కొనుక్కునేవోడు ఏమనుకుంటాడు?"

"కొనుక్కునేవాడు ఎక్కడో సముద్రం అవతల పొడి మిషను. అదేమీ అనుకోదు!"

"అది అనుకోపోతే నాకేంది. నేననుకుంటా గదా."

గురునాథం నుదురు రుద్దుకున్నాడు. "ఆ కాయ ఎక్కడిది? చేలో ప్రతి కాయకీ లెక్క ఉందే?"

"ఇంటిపాలు కింద ఎనిమిది కేజీలు వదుల్తారుగా, కారానికని. అందులోవే. ఈ కేజీ మిగిలింది, తిరుగు ఆటో అబ్బాయికిద్దామని తెచ్చా." సంచి తట్టి చూపించింది.

"మరి ఏడాది పొడుగునా నువ్వేం తింటావు?"

"మా తోటికోడలు ఇయ్యదా?"

నీటిపాలు సంగతి చెప్పాడు. అప్పుడు మాత్రం మరియమ్మ చేతులు సంచి మీద బిగిశాయి. సగం నీళ్ళకు మిరప పూత నిలవదు. పూత నిలవకపోతే కౌలుదారుకు చేను ఇచ్చేవాడుండడు. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరూ కట్టలేదు.

"దొంగసేద్దెం చేశానంటదా?" అంది చివరికి, నెమ్మదిగా. "నేను తినే కారం ఇచ్చినందుకా?"

గురునాథం పైకి పోయి లెక్కదారుతో తగాదా పెట్టుకున్నాడు.

"అది కొసరు," అన్నాడు.

"కొసరు అమ్మకమా?"

"కాదు."

"బహుమతి అయితే గ్రహీత పేరు చెప్పండి."

"పేరేమీ లేదు. ఎవరు కొంటే వాళ్ళకి."

"ధర లేదు, గ్రహీత లేరు. అది నష్టం."

"నష్టమైతే ఆమెకు తెలియదా? ఇష్టంగా వేసింది!"

"ఇష్టపూర్వక నష్టం. అధికారులకు ఇస్తే లంచం కిందకు వస్తుంది. మీరు అధికారి అవుతారా?"

"నీ బొంద అవుతాను," అని గురునాథం ఒక కాదుచీటీ తీసి వేశాడు.

"అంగీకరించాం. ఒకటో టిక్కీ మీద నిర్ణయం రద్దు. రెండో టిక్కీ. అధిక తూకం రెండువందల తొంభై ఎనిమిది గ్రాములు. కారణం ఎంచండి."

చీట్లు మూడు మిగిలాయి. టిక్కీలు ఇరవై ఒకటి మిగిలాయి. ఏడాదికి పన్నెండు చీట్లిస్తారు, అవి అయిపోతే మనిషికి కాదనే హక్కు మళ్ళీ ఉగాదికే.

పక్క పట్టీ నుంచి గోళ్ళ వీరాస్వామి మెడ చాచాడు. అతనూ వర్తకుడే, అతనూ జనవరిలో ఆ రెండు గడులే నొక్కినవాడు. "ఇంకా ఏంది బావా నీ పంచాయితీ? వేలెయ్యి, పట్టీ కదులుద్ది. నా వెనకాల నాలుగు లారీలున్నయ్."

"వేస్తే ఆమె నీళ్ళు పోతాయి."

"పోతే ఆమెయి పోతయ్. నీ వేలు నీకుంటది."

గురునాథం లెక్క వేసుకున్నాడు. వేలు వేస్తే పోయేది ఒక రైతు, ఏడాదికి ఇరవై రెండు టిక్కీలు. జనవరిలో తను నొక్కింది అబద్ధమని నిజం చెబితే అబద్ధపు సాక్ష్యం కింద ముప్పైరోజులు వేలు చెల్లదు, సీజనులో మిగిలిన సరుకంతా వీరాస్వామి పట్టీకి పోతుంది. ఎటునుంచి కట్టినా నోరు మూసుకుని వేలు వేయడంలోనే లాభం. మూడు నెలలుగా చేసింది అదే. ఆ లాభాన్ని తలుచుకుంటే ఇవాళ మాత్రం ఒళ్ళు మండింది.

"చీటీ," అన్నాడు. "రెండో టిక్కీ మీద కాదు. జనవరి తొమ్మిదిన నేను వేసిన వేలు మీద."

"అది మీ వేలే."

"నాదే. అబద్ధం. కాటాకు ఏ రోగమూ లేదు."

వీరాస్వామి గబగబా పట్టీ దాటి వచ్చాడు. "బావా! ఒళ్ళు తెలిసే అంటున్నావా? నీది తీస్తే మాయి అడగదా అది?"

"అడిగితే చెప్పు."

"ఆ వేలు మీద నాలుగువేల మూడువందల పదహారు టిక్కీలు ఆధారపడి ఉన్నాయి," అంది లెక్కదారు. "వాటన్నిటికీ కారణం లేకుండా పోతుంది."

"పోనీ."

"సాయంత్రం ఆరునుంచి ముప్పైరోజులు మీ వేలు చెల్లదు."

"తెలుసు. కానివ్వు."

ఏడో పట్టీ ఎలాగూ ఆగే ఉంది. తర్వాత ఆరోది ఆగింది. తర్వాత యార్డంతా. లెక్కదారు అతని నూట తొంభైమంది రైతులనూ చూసుకుంది, వాళ్ళనుంచి మిగతా వర్తకుల సరుకులోకి పోయింది. ఎవరిది తిరగేసినా అవే మూడు దోసిళ్ళు. అందరిదీ మరుగుసేద్యమైతే అందరి నీళ్ళూ కొయ్యాలి. ఒక కాలువ కింద పదోవంతు కంటే ఎక్కువమందికి కోత పెట్టకూడదని దాని నియమమే చెబుతోంది. పైరుచూపులు తప్పనడానికి లేదు, కాటాలు తప్పనడానికి లేదు, రైతులు తప్పనడానికి లేదు. పందొమ్మిది సెకన్లపాటు చెవిబిళ్ళలో ఏ మాటా లేదు. పద్దెనిమిదేళ్ళలో గురునాథం దాన్ని అంతసేపు మాట్లాడకుండా ఎప్పుడూ వినలేదు.

"అధిక తూకానికి పేరు చెప్పండి," అంది.

"ఇందాకట్నుంచి చెప్తున్నా గదా! కొసరు!"

"ఎవరు అడిగారు?"

"ఎవరూ అడగలా."

"ఎంత?"

గురునాథం కిందికి వంగి కేకేశాడు. "అక్కా, ఎంతేస్తావో అడుగుతోంది!"

"చేతికొచ్చినంత!" అని వినబడింది.

"సంఖ్య కావాలి," అంది లెక్కదారు. ఎవరూ ఇవ్వకపోయేసరికి తనే కట్టుకుంది. "సగటు మూడువందల నాలుగు. ఇక నుంచి టిక్కీ ముందుతూకం నలభై కిలోల మూడువందల నాలుగు గ్రాములు. మరుగుసేద్యం నిర్ణయం ఉపసంహరించాం. మరియమ్మగారి నీటిపాలు యథాతథం."

పదకొండూ యాభై రెండు. పట్టీలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. గురునాథం వేలు వేస్తూ పోయాడు. మరియమ్మ మెట్లెక్కి వచ్చి, మూతి విప్పిన ఆఖరి టిక్కీ పక్కన నిలబడింది.

"నీళ్ళకి ఢోకా లేదుగా?"

"లేదు. ఇకమీదట నీ మూడు దోసిళ్ళు తూకంలోనే కలిపేసింది. వాటికీ ధర వస్తుంది. హాయిగా ఇంటికి పో."

మరియమ్మ మొహం చిట్లించింది. "తూకంలో కలిపిందా? డబ్బులిస్తదా వాటికి?"

"ఇస్తుంది."

"మరి కొసరో?"

"అక్కా, వద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు..."

చేతిసంచిలోంచి ఒక దోసెడు తీసి టిక్కీలో వేసి, అరచేతులు దులుపుకుంది. పట్టీ మీది కుట్టుసూది దిగి మూతి కుట్టేసింది. పట్టీ రెండడుగులు కదిలి ఆగింది.

"శెట్టిగారూ, అధిక తూకం తొంభై గ్రాములు," అంది లెక్కదారు. "కారణం ఎంచండి."

గురునాథం చెవిబిళ్ళ తీసి జేబులో వేసుకుని, పట్టీ గట్టు మీద కూర్చుని ఆనాటి లెక్క చూసుకున్నాడు. పోయినవి: కాదుచీట్లు రెండు, ముప్పైరోజుల వేలు, వీరాస్వామి నోట బావా అన్న పిలుపు. వచ్చినవి: ఒక కౌలుదారుకు నిండు నీటిపాలు, ఓడకు బయలుదేరిన టిక్కీలు ఇరవై ఒకటి. కదలకుండా మిగిలింది ఒక్కటి. దాని బరువు నలభై కిలోల మూడువందల తొంభై నాలుగు గ్రాములు. అందులో తొంభై గ్రాములు ఇంకా ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు.