పాతరలో నలభై రోజులు

పొద్దు పొడవకముందే మహేశ్వరి పెరట్లోని పాతర మూత జరిపింది. లాంతరు వెలిగించి, తాడు కట్టి, మెల్లగా లోపలికి వదిలింది. మూసిన పాతరలో దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. తాత నేర్పిన పద్ధతి అది. ఒకప్పుడు జొన్నలు దాచిన నేలకొట్టు. వానలు మొహం చాటేశాక ఏళ్ళుగా ఖాళీగా పడి ఉంది. పైన నేల పెనంలా కాలినా, అడుగున మాత్రం చల్లదనం చెదరదు.

ఆ చల్లదనాన్ని నమ్మి ఆమె అందులో చీజ్ మాగబెట్టింది. నాలుగేళ్ళు బెంగళూరులో చీజ్ చేసే చోట పనిచేసి, పని నేర్చుకుని వచ్చింది. రాగానే ఇంటి మేకపాలను తోడుచుక్కలతో విరిచింది, గుడ్డలో వడగట్టింది, ఉప్పు రుద్దింది. అయిదు గుండ్రటి గడ్డలు చేసి, నాలుగింటిని పాతర మూతి దగ్గర చెక్కమీద, ఒకదాన్ని అడుగున ఉంచింది. మేకలు అమ్మకుండా నలభై రోజులు ఆగమని తల్లిని బతిమాలింది. ఈ రోజుతో గడువు తీరింది. చీజ్ కుదరకపోతే ముప్పై మేకలూ బేరగాడు రామదాసు టెంపో ఎక్కుతాయి.

దీపం నిలిచింది. కానీ చెక్క ఖాళీగా ఉంది.

"అమ్మా! పైన పెట్టిన నాలుగు గడ్డలూ యాడ?"

మారెక్క పాల చెంబుతో వచ్చింది. "మిద్దెమీద ఎండకు పెట్టినా. నిన్న నువ్వు ఉరవకొండకు పోయినప్పుడు తొంగి చూస్తే బూజు పట్టిండాయి పాపా. నువ్వు చూస్తే ఏడుస్తావని కడిగి, పసుపు పూసినా. అడుగున ఉండేది నాకు అందలేదు."

మహేశ్వరి మిద్దె ఎక్కింది. చాటలో నాలుగు పచ్చని గడ్డలు. నిన్నటి ఎండకు కొవ్వు కారి, పగుళ్ళు పారి, చీమలు పట్టి ఉన్నాయి. పసిబిడ్డకు నలుగు పెట్టినంత శ్రద్ధగా పూసిన పసుపు అది. చాట పట్టుకుని దిగి, తల్లి ముందు పెట్టింది.

"ఆ బూజు నేను పట్టించింది! అది ఉంటేనే లోపల మాగుతాది."

"బూజు పట్టించినావా? మతి ఉండాదా నీకు? ఇంట్లో పాలు విరిగితేనే కీడని నేను హడలిపోతాంటే, నువ్వు కావాలని విరిచి, దానికి బూజు కూడా పెంచినావా?"

"మేకలు అమ్మాల్నని కావాలనే చేసినావు!"

మారెక్క చెంబు కింద పెట్టింది.

"చెడగొట్టాలని చేయలేదు. కానీ అమ్మాల్ననే ఉండాది నాకు. ఈ కాళ్ళు చూడు. ఇరవై ఏండ్లు మందెనక తిరిగిన కాళ్ళు. కూర్చుంటే లేవనీవు, లేస్తే నిలవనీవు. నా బిడ్డ బెంగళూరులో పంకా కింద పని చేస్తాండాదని ఊరంతా చెప్పుకుంటి. నువ్వేమో మళ్ళా ఈ ఎండలోకే వచ్చి పడితివి. నీకూ ఇవే కాళ్ళు రావల్నా?"

మహేశ్వరి తల వంచుకుంది. ఇన్నాళ్ళూ తల్లిది మొండితనమనుకుంది. దాని వెనక ఇంత భయం ఉందని ఊహించలేదు.

వాకిట్లో టెంపో ఆగింది. రామదాసు తువ్వాలు దులుపుకుంటూ దిగాడు.

"ఏమక్కా, మీ అరుపులు రోడ్డుదాకా వినపడతాండాయి! మేకలు బెదిరి చిక్కిపోతే నాకు నష్టం."

మహేశ్వరి పాతరలోకి దిగింది. మిగిలిన ఒక్క గడ్డనూ తెచ్చి, కత్తితో రెండుగా కోసింది. బూజు కట్టిన తెల్లని తోలు కింద లోపలంతా దంతం రంగు.

"సున్నం గడ్డ మాదిరి ఉండాదే!" అంటూ రామదాసు చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. వెంటనే మళ్ళీ చేయి చాపాడు.

"నువ్వూ చూడమ్మా," అంది మహేశ్వరి.

"విరిగిన పాలు నేను ముట్టను."

"మంద పోతే పోనీలే. నేను అడ్డం రాను. కానీ ఇవి నువ్వు మేపిన మేకలు, నువ్వు పిండిన పాలు. అమ్మేముందు ఒక్కసారి చూడు."

ఆ అడ్డం రానన్న మాటే మారెక్కను కదిలించింది. మొహం తిప్పుకుని, గోటి మీద నిలిచేంత ముక్క తీసి నాలుక మీద పెట్టుకుంది. ముందు ఉప్పు తగిలింది. తర్వాత పులుపు. ఆ తర్వాత, ఎక్కడో లోలోపల, సన్నని చేదు, ఆ చేదు వెనక పచ్చివాసన. ఆమె దవడలు ఆగిపోయాయి.

"ఇది... వాన పడిన వారం పాలు."

"ఎట్లా చెప్తావమ్మా?"

"బలుసు చిగురు కదే ఇది! పడమటి గుట్ట కింద వంకలో మేపినా. ఈ ఏడు పచ్చ చూసింది ఆ ఒక్క వారమే. మళ్ళా అంతా ఎండిపాయ. ఆ పచ్చ పోయిందనే అనుకుంటి..." మారెక్క అరచేతిలోని ముక్కను చూసింది. "ఈడ ఉండాదే పాపా. ఇంకా ఈడనే ఉండాదే."

ఇరవై ఏళ్ళు మేపిన మేపంతా మేకలుగా సంతలో కలిసింది, పాలై టీలో మరిగింది. ఏదీ నిలవలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేక ఆమె ఆ ముక్కను పట్టుకునే నిలబడింది.

"రామదాసూ, నువ్వు పోయి రాప్పా."

"పోతాలే అక్కా. ఆ సగం ముక్క కాగితంలో చుట్టియ్యి, మా ఇంటామె నమ్మాల్న గదా!"

టెంపో వెళ్ళిపోయింది. మారెక్క గడపమీద మెల్లగా కూలబడి, పక్కన చోటు చూపించింది.

"పొద్దెక్కక ముందే పోయి, ఎండ ముదరకముందే రావల్ల. చెప్పుల్లేకుండా అడుగు పెట్టొద్దు. పూటకు ఒక వంకే. యాడ ఏ చిగురు ఉంటాదో, ఏది మేపితే పాలు ఎట్లుంటాయో నేను చెప్తా. నడిచేది నువ్వు, దావ చెప్పేది నేను. సరేనా?"

మహేశ్వరి తల్లి మోకాలి మీద తల ఆనించింది. నొప్పి పుట్టినా మారెక్క కాలు కదపలేదు.